బతికున్నాడని నిరూపించే భారం ఆమెదేనా?

పరాయి దేశం చేతికి మన సైనికుడు చిక్కితే ఏం జరుగుతుంది? రెండు రకాలుగా జరుగుతుంది. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో విమానం ఇంజను ఆగిపోయి పాకిస్తాన్ సైన్యానికి పట్టుబడిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత, దాదాపు ఎనిమిది రోజుల్లో విడుదలయ్యారు. 2019 ఫిబ్రవరి 27న పట్టుబడిన వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ మార్చి 1 రాత్రికి వాఘా దాటి వచ్చారు. ఆ మూడు రోజులూ దేశమంతా పూజలు, ప్రార్థనలు, టీవీల ముందు జాగరణ. ఇది ఒక రకం. 1971 డిసెంబరు యుద్ధంలో పట్టుబడి పాకిస్తాన్ జైళ్ళలో మిగిలిపోయారని కుటుంబాలు నమ్ముతున్న 54 మంది సంగతి రెండో రకం. వాళ్ళ కోసం జాగరణ చేసింది భార్యలు, తల్లులు, తండ్రులు, అక్కచెల్లెళ్ళు. అది మూడు రోజుల జాగరణ కాదు, యాభై ఏళ్ళు దాటిన జాగరణ.

ఈ రెండు రకాల మధ్య తేడా చట్టంలో ఎక్కడా లేదు. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం, 118వ అధికరణం, పోరు ఆగిన వెంటనే యుద్ధఖైదీలను ఆలస్యం లేకుండా విడిచి స్వదేశానికి పంపాలంటుంది. అందులో పైలట్ అనీ సిపాయి అనీ లేదు. కెమెరా ముందు పట్టుబడ్డవాడనీ చీకట్లో పట్టుబడ్డవాడనీ లేదు. తేడా అంతా మన కళ్ళలో వుంది, మన ప్రభుత్వాల అవసరాల్లో వుంది.

"ఇది సైన్యం వ్యవహారం, విదేశాంగ శాఖ వ్యవహారం, ఆడవాళ్ళ పత్రికకి దీంతో ఏం పని?" అని అడిగేవాళ్ళు బయటే కాదు, మన సంఘాల్లోనూ వున్నారు. వాళ్ళకి జవాబుగానే ఇది రాస్తున్నాను. నా వాదన ఒక్కటే. బందీల విడుదల కోసం జరిగే ఉద్యమం వీరత్వం మీదో, ప్రభువుల దయ మీదో, భార్య పాతివ్రత్యం మీదో నిలబడినంతకాలం అది ఏ కొద్దిమందికో తప్ప పనికిరాదు. హక్కు మీద నిలబడితేనే అందరికీ పనికొస్తుంది. ఆ హక్కు బందీది ఒక్కడిదే కాదు. అతనేమయ్యాడో తెలుసుకునే హక్కు ఇంట్లో వున్న ఆమెది కూడా. ఆ రెండో హక్కు గురించి మాట్లాడాల్సింది మనమే. మనం మాట్లాడకపోతే ఆమె తరపున జెండాలు పట్టుకున్నవాళ్ళు మాట్లాడతారు. వాళ్ళు మాట్లాడేది ఆమె మాట కాదు.

54 మంది సంగతి

1971 యుద్ధం ముగిసేసరికి తూర్పు పాకిస్తాన్‌లో లొంగిపోయినవాళ్ళు సుమారు 93 వేల మంది మన చేతుల్లో వున్నారు. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో పట్టుబడ్డ ఖైదీలను ఇరుదేశాలూ మార్చుకున్నాయి. మనవాళ్ళు 600 మందికి పైగా వచ్చారు. 1973 ఆగస్టులో కుదిరిన ఢిల్లీ ఒప్పందం ప్రకారం 1974 ఏప్రిల్ కల్లా మన దగ్గరున్న 93 వేల మందినీ పంపేశాం. పంపడం తప్పని నేననను. పంపడం చట్టం, మర్యాద కూడా. కానీ పంపేముందు మనవాళ్ళు అందరూ వచ్చారా అని ఒక్కొక్క పేరూ సరిచూడాల్సిన బాధ్యత ఎవరిది?

1974 చివర్లో మేజర్ అశోక్ సూరి తండ్రికి కొడుకు రాసిన చీటీ అందింది. తాను బాగానే వున్నానని అందులో వుంది. ప్రభుత్వ లెక్కల్లో ఆ మేజరు అప్పటికే యుద్ధంలో చనిపోయినవాడు. 1975లో కరాచీ నుంచి మరో ఉత్తరం వచ్చింది, అక్కడ ఇంకా ఇరవై మంది అధికారులున్నారని. చేతిరాత పరీక్ష చేయించాక, ప్రభుత్వం అతని పేరు ముందున్న "మరణించాడు" అనే మాట తీసేసి "ఆచూకీ తెలియదు" అని మార్చుకుంది. అంటే రాజ్యం ఒక మనిషిని చంపి, ముసలి తండ్రి రుజువు తెస్తే సగం బతికించింది. ఆ తండ్రి మిగిలిన జీవితమంతా కొడుకు కోసం తిరుగుతూనే వుండి, 1999లో కన్నుమూశారు.

1979లో లోక్‌సభలో మంత్రి 40 పేర్ల జాబితా చదివారు. తర్వాత అది 54 అయింది. 1983లో కొందరు బంధువుల్ని ముల్తాన్ జైలు దాకా తీసుకెళ్ళారు. 2007 జూన్‌లో 14 మంది బంధువులు పాకిస్తాన్ జైళ్ళకి వెళ్ళి వెతికి ఉత్త చేతులతో వచ్చారు. తమ దగ్గర అలాంటివారెవరూ లేరని పాకిస్తాన్ మొదట్నించీ చెబుతూనే వుంది. 2011లో గుజరాత్ హైకోర్టు, ఈ విషయాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్ళమని కేంద్రాన్ని ఆదేశించింది. కేంద్రం సుప్రీంకోర్టుకెళ్ళి ఆ ఆదేశం మీద స్టే తెచ్చుకుంది. 2015 సెప్టెంబరులో ఆ 54 మంది బతికున్నారా అని సుప్రీంకోర్టే అడిగింది. తెలియదని, పాకిస్తాన్ ఒప్పుకోవడం లేదు కాబట్టి చనిపోయారనే అనుకుంటున్నామని ప్రభుత్వం తరపున జవాబొచ్చింది. 2019లో పార్లమెంటుకి ఆచూకీ లేని సైనికుల సంఖ్య 83 అని చెప్పింది కూడా ప్రభుత్వమే. పార్లమెంటులో బతికున్నవాళ్ళ జాబితాలో పేరుంటుంది, కోర్టులో చచ్చినవాళ్ళ జాబితాలో వుంటుంది. ఈ రెండు జాబితాల మధ్య బతకాల్సింది ఎవరు?

దమయంతి తాంబే పేరు ఈ పత్రిక పాఠకుల్లో కొందరైనా వినివుంటారు. బాడ్మింటన్‌లో జాతీయ చాంపియన్, 1970 అర్జున అవార్డు గ్రహీత. భర్త ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే విమానం 1971 డిసెంబరు 5న కూలిపోయింది. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు. పట్టుబడ్డ భారత పైలట్లంటూ అక్కడి పత్రిక అచ్చువేసిన పేర్లలో ఆ ఇంటిపేరుని పోలిన పేరొకటి వుంది. ఆమె ఢిల్లీలో ఉద్యోగం చేసుకుంటూ, మంత్రులు మారినప్పుడల్లా కొత్త మంత్రికి పాత కథ మొదట్నించీ చెబుతూ దశాబ్దాలు గడిపింది. 2021లో సుప్రీంకోర్టు నోటీసిచ్చిన మరో పిటిషన్ కూడా 1971లో తప్పిపోయిన ఒక మేజరు భార్యదే. అప్పటికి ఆమె వయసు ఎనభై దాటింది.

రుజువు ఎవరు తేవాలి?

మన సాక్ష్య చట్టంలో ఒక నియమం వుంది. 1872 చట్టంలో అది 108వ సెక్షను. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ అది అలాగే వుంది. ఒక మనిషి గురించి, సహజంగా కబురు తెలియాల్సినవాళ్ళకి ఏడేళ్ళపాటు ఏ కబురూ తెలియకపోతే, అతను బతికేవున్నాడని ఎవరంటారో దాన్ని నిరూపించే భారం వాళ్ళదే. ఇల్లు విడిచి వెళ్ళిపోయినవాడి ఆస్తి తగాదాల కోసం పుట్టిన నియమం ఇది. దాని అవసరం నాకు తెలుసు. భర్త వదిలేసి వెళ్ళిన ఎందరో స్త్రీలకి అది విడాకుల దారి కూడా చూపించింది. కానీ రాజ్యమే పంపిన మనిషి, రాజ్యం పని మీద వెళ్ళి తప్పిపోతే? పంపినవాళ్ళు "అనుకుంటున్నాం" అంటే చాలు, పంపబడినవాడి భార్య మాత్రం సాక్ష్యం తేవాలా? ఆమెకి గూఢచారులున్నారా, రాయబార కార్యాలయముందా?

ఈ ప్రశ్న నాకు ఢిల్లీలో పుట్టలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప ఊళ్ళలో పనిచేస్తుండగా పుట్టింది. అక్కడ దీన్ని తిరగేసి చూశాను. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చుకుపోయినప్పటి నుంచి ఈ రెండు జిల్లాల్లో రైతుల చావుల సంగతి మనకి తెలుసు. 2021-22లో నల్లతామర పురుగు మిరపని తినేసినప్పుడు మళ్ళీ చూశాం. రైతు పురుగుమందు తాగి చనిపోతే, అది వ్యవసాయ అప్పుల వల్ల జరిగిన ఆత్మహత్యేనని భార్య నిరూపించుకోవాలి. 2004లో వచ్చిన 421వ నంబరు జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి వున్న కమిటీ విచారిస్తుంది. అప్పుడు లక్షన్నర అన్న సాయం మన రాష్ట్రంలో 2015లో అయిదు లక్షలు, 2019లో ఏడు లక్షలు అయింది. సొమ్ము పెరిగింది, రుజువు భారం మాత్రం తగ్గలేదు.

ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పాస్‌బుక్కు, అప్పు కాగితాలు కావాలి. నేను కలిసిన ఆడవాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతుల భార్యలు. కౌలుకి కాగితం వుండదు. 2019 చట్టం కింద కౌలు కార్డు రావాలన్నా భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అప్పు పురుగుమందుల కొట్లోనో మిరపయార్డు కమీషన్ వ్యాపారి దగ్గరో వుంటుంది. ఆయన పద్దు చూపించడు. ఇక మిగిలేది విచారణకొచ్చినవాళ్ళ ప్రశ్నలు: తాగేవాడా? మీ ఇద్దరికీ గొడవలా? నీకెవరితోనైనా సంబంధముందా? అప్పుల చావుని సంసారపు చావుగా తేలిస్తే ఫైలు మూతబడుతుంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వాఘా దగ్గర నిలబడ్డ ఆమె భర్త బతికున్నాడని నిరూపించాలి. నరసరావుపేటలోనో, దర్శిలోనో కార్యాలయం మెట్ల మీద కూర్చున్న ఆమె భర్త ఎందుకు చనిపోయాడో నిరూపించాలి. ఒకామె మేజరు భార్య, ఒకామె కౌలుదారు భార్య. వర్గం వేరు, కులం వేరు, భాష వేరు. రాజ్యం మాత్రం ఇద్దరికీ ఒకే కుర్చీ చూపించింది, ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పే కుర్చీ. తప్పు జరిగింది రాజ్యం చూపులో, జవాబుదారీ మాత్రం భార్య. పితృస్వామ్యం ఇంట్లోనే వుంటుందనుకునేవాళ్ళు ఈ రెండు ఫైళ్ళూ చదవాలి.

మనవాళ్ళ అభ్యంతరం

ఇక మన శిబిరంలోంచి వచ్చే అభ్యంతరం. సైన్యం పేరుతో ఆడవాళ్ళ మీద జరిగిన అత్యాచారాల గురించి మాట్లాడేవాళ్ళం మనం. 2004 జూలైలో ఇంఫాల్ కాంగ్లా కోట ముందు మణిపురి తల్లులు వివస్త్రలై నిలబడి అస్సాం రైఫిల్స్‌ని నిలదీస్తే మనం వాళ్ళ పక్షాన నిలిచాం. అలాంటిది సైనికుడి విడుదలకి మనం సంతకాలు సేకరిస్తే యుద్ధోన్మాదానికి నీళ్ళు పోసినట్టు కాదా అని అడుగుతున్నారు. నిజాయితీ వున్న ప్రశ్నే. కానీ తప్పు ప్రశ్న.

బందీ హక్కు గురించి మాట్లాడటం అతను పనిచేసే వ్యవస్థకి యోగ్యతాపత్రం ఇవ్వడం కాదు. జైల్లో వున్న ఖైదీకి హక్కులున్నాయంటే అతను చేసిన నేరాన్ని మెచ్చుకున్నట్టా? పౌరహక్కుల ఉద్యమం నుంచి మనం నేర్చుకున్న మొదటి పాఠం ఇదే కదా. పైగా సిపాయిగా వెళ్ళేది ఎవరు? గుంటూరులో ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు వుంది. నరసరావుపేటలో సైన్యంలో చేరడానికి శిక్షణిచ్చే అకాడమీలున్నాయి. తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్ళని అడగండి, ఎవరి పిల్లలో. ఎకరానికి లక్షలు పోసి మిరప వేసి దెబ్బతిన్నవాళ్ళ పిల్లలు, పత్తితీతకీ మిరపకోతకీ వెళ్ళే తల్లుల పిల్లలు వుంటారు. 2022లో అగ్నిపథ్ వచ్చాక వాళ్ళకి దొరికేది నాలుగేళ్ళ కొలువు. అందులో నాలుగోవంతుకి మించి కొనసాగించరు, తక్కినవాళ్ళకి పెన్షను లేదు. పొలం నుంచి తప్పించుకోవడానికి తుపాకి పట్టుకున్న బిడ్డ రేపు అవతల చిక్కితే, అతని తల్లికి మనం సిద్ధాంతం చెప్పి పంపిద్దామా?

రష్యా తల్లుల అనుభవం చూడండి. 1989లో సైనికుల తల్లుల కమిటీ పెట్టుకున్నారు. చెచెన్యా యుద్ధం మొదలయ్యాక 1995లో వాళ్ళు శాంతియాత్ర కట్టి అటు బయల్దేరారు. కొందరు తల్లులు పట్టుబడ్డ కొడుకుల కోసం నేరుగా చెచెన్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడి తెచ్చుకున్నారు. కొడుకుని విడిపించుకోవడం, యుద్ధాన్ని వ్యతిరేకించడం వాళ్ళకి ఒకే పని అయింది. బందీ విడుదల ఉద్యమం యుద్ధానికే ఉపయోగపడాలని రాసిపెట్టి లేదు. దాన్ని ఎవరు నడుపుతారన్నదాన్ని బట్టి వుంటుంది.

సావిత్రి వాదం

ఎదురుచూసే భార్య గురించి పత్రికలు రాసే రాతలు చూస్తే నాకు వొళ్ళు మండుతుంది. "అభినవ సావిత్రి", "చెక్కుచెదరని నిరీక్షణ", "నుదుట బొట్టు చెరగనివ్వలేదు". సావిత్రి ఏం చేసింది? యముడి వెంటపడి వాదించింది. ఒక్కొక్క వరంలో మెలిక పెట్టి, చివరికి అతని మాటతోనే అతన్ని ఓడించింది. మనవాళ్ళు ఆమె వాదాన్ని వదిలేసి పాతివ్రత్యాన్ని మిగుల్చుకున్నారు. ఇప్పుడూ అంతే. యాభై ఏళ్ళు మంత్రిత్వ శాఖలతో వాదించిన స్త్రీ తెలివిని, పట్టుదలని, చట్టజ్ఞానాన్ని పక్కకి నెట్టి, ఆమె మెడలో పుస్తెలున్నాయా లేదా అని చూస్తారు.

ఎదురుచూడటం ఆమె నిర్ణయమైతే దానికి దణ్ణం పెడతాను. ఎదురుచూడకుండా మళ్ళీ పెళ్ళిచేసుకోవడం ఆమె నిర్ణయమైనా అదే దణ్ణం. మన వ్యవస్థ రెండింటినీ ఆమెకి వదిలిపెట్టలేదు. శౌర్య పతకం పొందిన సైనికుడి వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పతకంతో వచ్చే భత్యం ఆగిపోయేది, చనిపోయినవాడి తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు. డబ్బు ఇంట్లోనే వుండాలి, ఆడది ఇంట్లోనే వుండాలి. ఇది పాతకాలపు ఊరి కట్టుబాటు కాదు, రక్షణ శాఖ నిబంధన. దాన్ని తీసేసింది 2017 నవంబరులో. అప్పటిదాకా ఎందరు మరిది చేతిలో చెయ్యి పెట్టాల్సొచ్చిందో ఏ పరేడులోనూ చెప్పరు.

ఆమె ఏడిస్తే దేశం కూడా ఏడుస్తుంది. ఆమె మాట్లాడితే? 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో భర్తని కళ్ళముందే పోగొట్టుకున్న నౌకాదళ అధికారి భార్య, ముస్లిముల మీదా కాశ్మీరీల మీదా పగ పెంచుకోవద్దని అన్నందుకు, ఆ దేశభక్తులే ఆమెని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆమె కన్నీళ్ళు కావాలి, ఆమె అభిప్రాయం అక్కర్లేదు. అందుకే అంటున్నాను, ఈ స్త్రీల పక్కన మనం లేకపోతే వాళ్ళు జెండా గుడ్డలో చుట్టిన బొమ్మలుగా మిగిలిపోతారు.

ఎవరి విడుదల?

2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి వేటకెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. వాళ్ళు సైనికులు కారు, నీటి మీద గీత కనపడక దాటినవాళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళ ఆడవాళ్ళు కనపడ్డ ప్రతి నాయకుణ్ణీ ఆపి అడిగారు. అర్జీలు పట్టుకు తిరిగారు. పద్నాలుగు నెలల తర్వాత, 2020 జనవరి 6న, ఇరవై మంది వాఘా దాటి వచ్చారు. 2025లో దీన్ని "తండేల్" పేరుతో సినిమా తీశారు. ప్రేమకథగా మారితే తప్ప ఆ ఆడవాళ్ళ పద్నాలుగు నెలలు మనకి గుర్తుకు రాలేదు.

2025 ఏప్రిల్ 23న పొరపాటున సరిహద్దు దాటి చిక్కిన బీఎస్ఎఫ్ కానిస్టేబులు పూర్ణం కుమార్ షా మే 14న తిరిగొచ్చారు. ఆ మూడు వారాల్లో గర్భిణి అయిన ఆయన భార్య బెంగాల్ నుంచి ఫిరోజ్‌పూర్ దాకా వెళ్ళి అధికారుల్ని అడగాల్సొచ్చింది. 2022 ఆగస్టులో ఖతార్‌లో అరెస్టయిన ఎనిమిది మంది మాజీ నౌకాదళ సిబ్బందిలో విశాఖకి చెందిన కమాండర్ సుగుణాకర్ పాకాల ఒకరు. రెండు నెలలు కావస్తుండగా ఆ విషయం దేశానికి తెలిసింది ఒక అధికారి చెల్లెలు బయటికొచ్చి చెప్పినందువల్ల. 2023 అక్టోబరులో మరణశిక్ష పడి, 2024 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. ఇక ఉద్యోగమని నమ్మించి తీసుకెళ్ళి రష్యా సైన్యంలో కలిపేసిన కుర్రాళ్ళు. వాళ్ళలో ఒక హైదరాబాదు యువకుడు 2024లో యుద్ధభూమిలోనే చనిపోయాడు. నారాయణపేట యువకుడొకడు అదే ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరాడు. వీళ్ళెవరి కోసమూ దేశం జాగరణ చెయ్యలేదు. ఇంట్లోవాళ్ళే చేశారు.

ఇజ్రాయెల్ ఉదాహరణ తరచుగా చెబుతారు. 2006 జూన్‌లో పట్టుబడ్డ గిలాద్ షాలిత్ అనే ఒక్క సిపాయి కోసం తల్లిదండ్రులు దేశాన్ని నడిపించారు, ప్రధాని ఇంటి పక్కనే గుడారం వేశారు. 2011 అక్టోబరులో 1,027 మంది పాలస్తీనా ఖైదీల్ని విడిచి అతన్ని తెచ్చుకున్నారు. పౌరులు గట్టిగా పట్టుబడితే రాజ్యం కదులుతుందనడానికి అది రుజువే. కానీ ఆ కథలో ఒక్కడికి పేరుంది, వెయ్యిన్ని ఇరవై ఏడు మందికి అంకె మాత్రమే వుంది. వాళ్ళకీ తల్లులున్నారు. మన ఉద్యమం ఆ అంకెని కూడా పేర్లుగా చదవగలగాలి. 2025 జనవరి 1న ఇరుదేశాలూ మార్చుకున్న జాబితాల ప్రకారం, పాకిస్తాన్ జైళ్ళలో 49 మంది మన పౌరులు, 217 మంది మన జాలర్లు వున్నారు. మన జైళ్ళలో 381 మంది పాకిస్తానీ పౌరులు, 81 మంది జాలర్లు వున్నారు. కరాచీ తీరంలో ఎదురుచూసే జాలరి భార్య మనకి శత్రువు కాదు. 2000 మార్చిలో మన దేశపు స్త్రీలు శాంతి బస్సెక్కి లాహోరు వెళ్ళింది ఈ మాట చెప్పడానికే.

మన ఇంటి వెనక్కి కూడా చూసుకోవాలి. కాశ్మీర్‌లో తప్పిపోయినవాళ్ళ తల్లులు, భార్యలు 1994లో సంఘం పెట్టుకున్నారు. అక్కడ "సగం వితంతువులు" అని ఒక మాటే పుట్టింది. ఆ భర్తల్ని పరాయి దేశం తీసుకెళ్ళలేదు. అవతలి జైలు తలుపు తెరవమని అడిగే నోరు ఇవతలి క్యాంపు తలుపు దగ్గర మూతబడితే, మనం అడిగేది హక్కు కాదు, పక్షపాతం.

అడగాల్సినవి

ప్రార్థనలు చాలు. అడగాల్సినవి అడుగుదాం. ఆచూకీ తెలియని సైనికుడి భార్యకిగానీ తల్లికిగానీ, అతను చనిపోయాడని ఒప్పుకుంటూ సంతకం పెట్టక్కర్లేకుండానే పూర్తి జీవనభృతి ఇవ్వాలి. ఏడేళ్ళ నియమం ఇలాంటి కేసుల్లో రాజ్యానికి వ్యతిరేకంగా పనిచెయ్యాలి. మనిషిని పంపినవాళ్ళే అతనేమయ్యాడో చూపించాలి. వెతకడానికి ఏ ఏడు ఏం చేశారో కుటుంబానికి ఏటా రాతపూర్వకంగా చెప్పాలి. 2007లో ప్రకటించి, 2013 తర్వాత జైళ్ళకి వెళ్ళడం మానేసిన ఇరుదేశాల మాజీ న్యాయమూర్తుల కమిటీని మళ్ళీ పంపాలి, దాంట్లో స్త్రీలుండాలి. శిక్ష పూర్తయిన జాలర్లని రెండువైపులా ఒక్కరోజు కూడా అట్టే పెట్టకూడదు. మళ్ళీ పెళ్ళిచేసుకున్నా, చేసుకోకపోయినా ఆమె హక్కు ఆమెదే కావాలి.

వీటితోపాటే, ఇదే కాగితంలో, మన జిల్లాల కౌలురైతు భార్య కోరిక కూడా రాయండి. అప్పు లేదని, కౌలు లేదని అనేవాళ్ళే ఆ సంగతి నిరూపించాలి. ఆమె కాదు.

ఈ రెండు కోరికల్ని కలపడం అతుకులబొంత అనేవాళ్ళుంటారు. ఢిల్లీలో చూస్తే అతుకులబొంతే. చిలకలూరిపేటలోనో అద్దంకిలోనో చూస్తే ఒకే గుడ్డ. ఒక కొడుకు పొలంలో పోతాడు, ఒక కొడుకు సరిహద్దులో పోతాడు. రెండు ఫైళ్ళూ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఒకే తల్లి కావచ్చు. వచ్చే మార్చి 8న మనం తీసే ఊరేగింపులో ఆ తల్లికి చోటుందా లేదా తేల్చుకోవాలి. చోటుంటే, ఆమె చేతికి కొవ్వొత్తి ఇవ్వకండి. మైకు ఇవ్వండి.